రాజమహేంద్రవరంలో ఒక కోవర్కింగ్ కార్యాలయం: ఇంటి నుంచి పనిచేసేవారికి ఏ మేరకు అక్కరకొస్తుంది?

ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులకు రోజు చొప్పున గానీ, నెల చందాకు గానీ బల్ల, కుర్చీ, ఇంటర్నెట్ అద్దెకిచ్చే కోవర్కింగ్ కార్యాలయాలు హైదరాబాదు, బెంగళూరు దాటి ఇప్పుడు మన ఊళ్ళకూ వచ్చాయి. రాజమహేంద్రవరంలో అటువంటిదొకటి వేసవి మొదలు నుంచి నేను వాడుతున్నాను. హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో, సాఫ్ట్‌వేర్‌లోని లోపాలను వెతికే టెస్టింగ్ బృందానికి లీడ్‌గా పనిచేస్తున్నాను. నా బృందంలో ఎక్కువమంది తమ సొంత ఊళ్ళ నుంచే పనిచేస్తున్నారు. అందువల్ల ఈ సేవను డబ్బు కట్టిన వినియోగదారుగానే కాక, మరికొందరి చేత పని చేయించవలసిన మనిషిగా కూడా పరిశీలించవలసి వచ్చింది. కుర్చీ మెత్తదనం, కాఫీ రుచి గురించి ఈ సమీక్షలో కొద్దిగానే ఉంటుంది. ఇంటి దగ్గర నెమ్మదిగా సడలిపోయే పని ఉత్సాహాన్ని ఈ చోటు మళ్ళీ నిలబెట్టగలదా, నిలబెట్టగలిగితే ఎవరికి, ఏ రకమైన పనికి అన్నదే నేను పెట్టుకున్న కొలత.

ఇంటి నుంచి పని అంటేనే బద్ధకం అని తేల్చేసే యాజమాన్యాల వాదన నాకు సమ్మతం కాదని ముందే చెప్పాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి అందరం ల్యాప్‌టాప్‌లతో ఇళ్ళకు చేరినప్పుడు, నేను చూసినంతలో పని మీద శ్రద్ధ పెరిగిందే గానీ తగ్గలేదు. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో పోయే గంటలు మిగిలాయి, నగరంలో కట్టే అద్దె మిగిలింది, పెద్దవాళ్ళ దగ్గర ఉన్నామన్న నిశ్చింత దొరికింది. మహమ్మారికి చాలా ముందే దీనికి గట్టి ఆధారం కూడా ఉంది. చైనాలోని ప్రయాణ సేవల సంస్థ సీట్రిప్, స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందంతో కలిసి 2010-11లో తన షాంఘై కాల్ సెంటర్‌లో తొమ్మిది నెలల పాటు ఒక ప్రయోగం చేసింది. ఇష్టపడి ముందుకు వచ్చినవారిలో పుట్టిన తేదీ సరిసంఖ్య అయినవారిని వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి పనిచేయనిచ్చి, బేసిసంఖ్య అయినవారిని ఆఫీసులోనే ఉంచింది. ఇంటి నుంచి చేసినవారి పనితీరు 13 శాతం పెరిగింది. ఉద్యోగం మానేసేవారి సంఖ్య సగానికి తగ్గింది.

ఇంతవరకు చాలామంది ఉదహరిస్తారు, ఆ తర్వాత జరిగినదాన్ని వదిలేస్తారు. ప్రయోగం ముగిశాక ఎవరికి నచ్చిన చోట వారు పనిచేయవచ్చని సంస్థ చెప్పినప్పుడు, ఇంటి నుంచి పనిచేసినవారిలో సగంమంది తిరిగి ఆఫీసుకే వెళ్ళిపోయారు. ఒంటరితనం అందుకు ముఖ్య కారణం. పైగా ఒకే స్థాయిలో పని చూపించినవారిలో ఆఫీసులో ఉన్నవారి కంటే ఇంట్లో ఉన్నవారికి పదోన్నతి దక్కే అవకాశం తక్కువగా ఉన్నట్టు కూడా తేలింది. పని బాగా సాగుతూ, ప్రయాణం తప్పుతూ, జీతం తగ్గకుండా ఉన్న ఏర్పాటును మనుషులు తమంతట తాము వదులుకున్నారంటే, ఇంట్లో వారికి దొరకనిది ఏదో ఉందనే అర్థం.

అదేమిటో గుర్తించడానికి అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ 1980ల నుంచి అభివృద్ధి చేసిన స్వయంనిర్ణయ సిద్ధాంతం నాకు ఉపయోగపడింది. ఎవరూ తరమకుండానే మనిషి పనిలో నిమగ్నం కావాలంటే మూడు అవసరాలు తీరాలంటారు వారు: తన పనిని తాను నడుపుకుంటున్నానన్న భావన, ఆ పనిలో తన చేయి తిరుగుతోందన్న నమ్మకం, సాటి మనుషులతో కలిసి ఉన్నానన్న అనుబంధం. ఇంటి నుంచి పని మొదటిదాన్ని పుష్కలంగా ఇస్తుంది. మిగిలిన రెండూ సంస్థ ప్రత్యేకంగా పూనుకుంటే తప్ప ఇంటి గడప దాటి లోపలికి రావు. కొత్తలో మొదటిదాని సంతోషమే ఎక్కువగా ఉంటుంది కనుక మిగిలినవాటి లోటు వెంటనే తెలియదు. కొన్ని నెలలు గడిచాక, గడువుకు పని అందుతూనే ఉన్నా, ఎవరికోసం చేస్తున్నామో, ఎలా చేస్తున్నామో చెప్పే మనిషి ఎదురుగా లేక, పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరవడానికే మనసు రాదు. నేను డబ్బు కట్టి ఈ కార్యాలయానికి వెళ్ళడానికి కారణం ఈ లోటే. కాబట్టి ఈ రెండు అవసరాలనూ అది ఎంతవరకు తీరుస్తుందో చూడాలి.

ఇక కార్యాలయం సంగతి. ప్రధాన రోడ్డు మీద ఒక భవనం రెండో అంతస్తులో, ఒకే పెద్ద హాలుగా, కిటికీల వైపు వరుసగా బల్లలు వేసి ఉంది. ఎత్తు సరిచేసుకోగల కుర్చీలు, ప్రతి బల్లకూ విడి ప్లగ్గులు, సామాను పెట్టుకోవడానికి తాళం వేసే అరలు ఉన్నాయి. రెండు వేర్వేరు సంస్థల నుంచి ఫైబర్ లైన్లు తీసుకున్నారు. ఒకటి ఆగితే రెండోదానికి మారడం మనకు తెలియకుండానే జరిగిపోతుంది. మే నెలలో మధ్యాహ్నం పూట కరెంటు పోయినప్పుడు కూడా జనరేటరు వెంటనే అందుకుంటుంది, ఏసీ మాత్రం కాసేపు ఆగుతుంది. గోదావరి జిల్లాల ఎండ తెలిసినవారికి ఆ కాసేపు ఎంతో వేరుగా చెప్పనక్కరలేదు. ఈ సదుపాయాల విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఇంట్లో కాల్ మధ్యలో నెట్ పోయి, అవతల క్లయింటు ఎదురుచూస్తున్నాడన్న ఆందోళనతో రోజంతా గడిపేవారికి ఈ నిశ్చింత ఒక్కటే పనిమీద మనసు పెట్టడానికి చాలావరకు సాయపడుతుంది.

అయితే అక్కడ నాకు దొరికిన అసలు లాభం పక్కబల్లల మీద పనిచేస్తున్న మనుషులు. వారిలో ఎవరూ నా సంస్థవారు కారు. ఒకరు అకౌంట్లు చూస్తారు, ఒకరు వైద్య రికార్డుల కోడింగ్ చేస్తారు, ఇద్దరు ముగ్గురు ప్రోగ్రామర్లు, ఒకాయన ఆన్‌లైన్‌లో లెక్కలు బోధిస్తారు. వారితో నాకు పనిపరమైన సంబంధం ఏదీ లేదు, అయినా వారి మధ్య కూర్చుంటే ఇంట్లో మధ్యాహ్నం దాకా సాగే పని ఉదయమే పూర్తవుతోంది. ఇది వింతేమీ కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జయాన్స్ 1965లో దీనికొక వివరణ ఇచ్చారు: చుట్టూ మనుషులు ఉండటం అలవాటైన పనిని వేగవంతం చేస్తుంది, ఇంకా చేయి తిరగని కొత్త పనిని మాత్రం ఆటంకపరుస్తుంది. ఈ తేడాను గమనించకుండా కోవర్కింగ్ కార్యాలయాన్ని మెచ్చుకున్నా, తిట్టినా అది సగం మాటే అవుతుంది. పాత టెస్ట్ కేసులు మళ్ళీ నడపడం, లోపాల నివేదికలు రాయడం, మెయిళ్ళకు జవాబులివ్వడం వంటివి నాకు ఆ హాలులో చక్కగా సాగుతాయి. కొత్త ఉత్పత్తికి పరీక్షా ప్రణాళిక మొదటినుంచి ఆలోచించి రాయవలసి వస్తే, ఇంట్లో అందరూ లేవకముందు దొరికే నిశ్శబ్దమే మేలు. అందుకని వారంలో ఏ రోజు ఎక్కడ కూర్చోవాలో ఇప్పుడు పనిని బట్టి నిర్ణయించుకుంటున్నాను. ఇలా నిర్ణయించుకోగలగడమే ఈ ఏర్పాటు నాకు ఇచ్చిన పెద్ద బలం.

అనుబంధం విషయంలో ఈ చోటుకు మంచి మార్కులే వేస్తాను. సాయంత్రం టీ వేళ అందరూ లేచి ఒకచోట చేరడం అక్కడ దానంతట అదే అలవాటైంది. నిర్వాహకులు ఆటలు, పోటీలు అంటూ దాన్ని కార్యక్రమంగా మార్చకపోవడం మెచ్చుకోదగ్గ విషయం. పండుగ కబుర్లు, పిల్లల చదువులు, క్లయింట్ల తగాదాలు అన్నీ అక్కడ వినిపిస్తాయి. రోజంతా తెరమీద ముఖాలనే చూసేవారికి, ఆరోజు ఎలా గడిచిందని అడిగే ఒక మనిషి ఎదురుగా ఉండటం మామూలు విషయం కాదు.

పనిలో చేయి తిరిగే విషయానికి వస్తే మాత్రం ఈ సేవ ఏమీ చేయలేదు, చేయగలనని చెప్పుకోవడం కూడా తగదు. కడియం వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి నా వెనుక బల్ల దగ్గర కూర్చుంటుంది. చదువు పూర్తవగానే ఉద్యోగంలో చేరింది, తన మేనేజరును ఇంతవరకు నేరుగా చూడలేదు. ‘అక్కా, నేను రాసిన కోడ్ బాగుందో లేదో నాకు అప్రైజల్ రోజునే తెలుస్తుందక్కా’ అని ఒకరోజు నాతో అంది. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది, ఎందుకంటే నా బృందంలో కొత్తగా చేరినవారు కూడా ఇదే మాట మరొకరి దగ్గర అంటూ ఉండవచ్చు. నటాలియా ఇమాన్యుయేల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పాలేస్ అనే ఆర్థికవేత్తలు ఒక పెద్ద అమెరికన్ కంపెనీలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను అధ్యయనం చేసినప్పుడు, బృందమంతా ఒకే భవనంలో కూర్చున్నవారికి తమ కోడ్‌పై 22 శాతం ఎక్కువ వ్యాఖ్యలు, సూచనలు అందుతున్నట్టు కనిపించింది. మహమ్మారి వల్ల ఆఫీసులు మూతపడి అందరూ ఇళ్ళకు చేరాక ఆ తేడా చాలావరకు మాయమైంది. దగ్గరగా ఉండటం వల్ల ఎక్కువ లాభం పొందినవారు కొత్తవారు, మహిళలు. నేర్పించేవారి సమయం మాత్రం అందుకు ఖర్చవుతుందని కూడా అదే అధ్యయనం చూపింది. ఆ ఖర్చు పెట్టడానికి ఇష్టపడని సంస్థ తన కొత్త ఉద్యోగికి కోవర్కింగ్ కార్యాలయంలో బల్ల కొనిచ్చినంత మాత్రాన ఆమెకు పని నేర్పినట్టు కాదు.

మన పక్కనే చెన్నైలో జరిగిన మరో ప్రయోగం కూడా ఇదే దిశగా చూపిస్తుంది. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ఆట్కిన్, ఆంటొనెట్ షోర్ తదితరులు కొత్తగా తీసుకున్న డేటా ఎంట్రీ ఉద్యోగులను కొందరిని ఇంటికి, కొందరిని ఆఫీసుకు లాటరీ పద్ధతిలో కేటాయించారు. ఇంటి నుంచి చేసినవారి ఉత్పాదకత 18 శాతం తక్కువగా నమోదైంది. అందులో మూడింట రెండు వంతుల లోటు మొదటిరోజు నుంచే ఉండగా, మిగిలినది ఆఫీసులో ఉన్నవారు త్వరగా పని నేర్చుకోవడం వల్ల క్రమంగా ఏర్పడింది. షాంఘైలో లాభం, చెన్నైలో నష్టం ఎందుకన్న ప్రశ్న సహజం. షాంఘైలో పాల్గొన్నవారు అప్పటికే కనీసం ఆరు నెలల అనుభవం ఉన్నవారు. ఇంట్లో పనికి విడిగా ఒక గది ఉండాలన్న నియమం కూడా వారికి ఉంది. చెన్నైలో చేరినవారు పనికే కొత్తవారు. అనుభవం, విడి గది అనే ఈ రెండింటినీ పక్కన పెట్టి ఇంటి నుంచి పని మంచిదా చెడ్డదా అని వాదించుకోవడం వృథా. మన ఊళ్ళలోని రెండు పడకగదుల ఇళ్ళలో ఆ విడి గది ఎంతమందికి ఉంటుంది? గది లేనివారికి ఈ కార్యాలయం ఆ లోటును తీరుస్తుంది. అనుభవం లేకపోవడాన్ని తీర్చవలసింది మాత్రం జీతమిచ్చే సంస్థే.

విడి గది సంగతి మహిళలకు మరీ ముఖ్యం. ఇంట్లో ఉన్న మనిషి పనిలో ఉన్నట్టు ఇంటివారికి అనిపించదు. గ్యాస్ సిలిండరు వచ్చినా, అత్తగారికి మందులు ఇవ్వాలన్నా, చుట్టాలు దిగినా మొదట లేవవలసింది కోడలే. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. మా ఇంట్లోవారు నా ఉద్యోగాన్ని గౌరవిస్తారు, అయినా కళ్ళెదుట ఉన్న మనిషిని పిలవకుండా ఉండటం ఎవరికీ సాధ్యం కాదు. అలా గంటకోసారి తెగే పనిలో మనసు నిలవదు, మనసు నిలవని పనిలో తృప్తి ఉండదు, తృప్తి లేనిచోట ఉత్సాహం గురించి మాట్లాడటమే అనవసరం. ఈ కార్యాలయంలో చందాదారుల్లో చెప్పుకోదగ్గ భాగం మహిళలే కావడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. శుభ్రమైన విడి మరుగుదొడ్లు, మెట్ల దగ్గర వెలుతురు, ప్రవేశద్వారం దగ్గర రాత్రి దాకా ఒక మహిళా ఉద్యోగిని ఉండటం వంటి ఏర్పాట్లను నిర్వాహకులు శ్రద్ధగా చేశారు. పిల్లలను కాసేపు ఉంచడానికి ఒక చిన్న గది కూడా ఉంటే చందాలు ఇంకా పెరుగుతాయని వారికి చెప్పాను.

ఇప్పుడు నేను గట్టిగా వ్యతిరేకించే అంశం. చందాదారు లోపలికి వచ్చిన వేళ, బయటికి వెళ్ళిన వేళ వేలిముద్ర యంత్రంలో నమోదు చేసి, అడిగిన సంస్థలకు ఆ వివరాలను వారం వారం మేనేజరుకు పంపే సేవను ఈ కార్యాలయం అదనపు రుసుముకు అందిస్తోంది. నేను లీడ్‌నని తెలిసి నాకు కూడా ఆ సేవ చూపించారు. నేను తీసుకోలేదు, ఎవరూ తీసుకోకూడదని నా అభిప్రాయం. ఇంటి నుంచి పనిలో ఉద్యోగికి దక్కే ఒకే ఒక్క పెద్ద బలం తన పనిని తాను నడుపుకోవడం. దాన్ని కూడా హాజరు పట్టీగా మార్చేస్తే, ప్రయాణం తప్పడం మినహా వారికి మిగిలేదేమీ ఉండదు. ఇటువంటి కొలతలు ఎక్కడికి దారితీస్తాయో మనం చూశాం. మైక్రోసాఫ్ట్ తన ప్రొడక్టివిటీ స్కోర్ అనే సాధనంలో ఒక్కో ఉద్యోగి పేరుతో వివరాలు చూపించినందుకు 2020 నవంబరులో తీవ్ర విమర్శలు వచ్చాయి, డిసెంబరు మొదటి తేదీనే పేర్లు తొలగిస్తున్నట్టు ఆ సంస్థ ప్రకటించింది. 2024లో అమెరికా బ్యాంకు వెల్స్ ఫార్గో, కీబోర్డు కదులుతున్నట్టు నటింపజేసి పనిచేస్తున్నట్టు భ్రమ కల్పించారని పన్నెండు మందికి పైగా ఉద్యోగులను తొలగించింది. కీబోర్డు కదలికలనే పనికి గుర్తుగా తీసుకుంటే కొందరు ఆ కదలికలనే తయారు చేసి చూపిస్తారు. పూర్తయిన పనిని చూసి, దాని గురించి మాట్లాడి, మెచ్చుకోవలసినచోట మెచ్చుకోవడానికి వారానికి ఒక గంట కేటాయించే మేనేజరుకు వేలిముద్రల నివేదిక అవసరం ఉండదు.

మరో లోపం పనివేళలది. కార్యాలయం ఉదయం ఏడుకు తెరిచి రాత్రి పదికి మూసేస్తారు. మన ప్రాంతం నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగుల్లో చాలామందికి క్లయింట్లు అమెరికాలో ఉంటారు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదైతే మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అంటే అసలైన సమావేశాలన్నీ రాత్రి ఎనిమిది తర్వాతే మొదలై పదకొండు దాకా సాగుతాయి. పదింటికి తలుపులు మూస్తారని కాల్ మధ్యలో ల్యాప్‌టాప్ సర్దుకుని వెళ్ళవలసిన పరిస్థితి ఉంటే, దీన్ని ముఖ్య కార్యాలయంగా వాడుకోవడం వారికి కుదరదు. కాల్స్ మాట్లాడుకోవడానికి అద్దాల గదులు కూడా రెండే ఉన్నాయి. సాయంత్రం ఆరు దాటితే వాటికోసం వేచి ఉండవలసిందే. హాలులోనే మాట్లాడదామంటే పక్కవారికి ఇబ్బంది, క్లయింటు విషయాలు బయటపడతాయన్న భయం. బ్యాంకులు, ఆసుపత్రుల సమాచారంతో పనిచేసేవారు ఇటువంటి చోట కూర్చోవడానికి తమ సంస్థ అనుమతి ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే రావాలి. అనుమతి ఉన్నా తెర పక్కనుంచి కనిపించకుండా ఫిల్టరు వేసుకోవడం మంచిది.

ధర రోజుకు 350 రూపాయలు, నెలకు 5,500 రూపాయలు. సమావేశపు గది గంటకు 300. ఈ ఊరి లెక్కలో ఇది తక్కువేమీ కాదు, కొత్తగా చేరినవారి జీతంలో నెల చందా చిన్న భాగం కాదు. నగరంలో ఆఫీసు అద్దె మిగుల్చుకుంటున్న సంస్థలు ఈ చందాను తామే కట్టడం న్యాయం. మా సంస్థను నేను అదే అడిగాను, సగం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ మేరకు నా బృందంలో మరో ఇద్దరు తమ ఊళ్ళలో ఇటువంటి చోట్ల చేరారు.

నెలంతా రోజూ రావడం కంటే వారానికి రెండు మూడు రోజులు రావడమే చాలామందికి సరిపోతుందని నా అనుభవం. పైన చెప్పిన సీట్రిప్ సంస్థే ట్రిప్ డాట్ కామ్‌గా మారాక, 1,612 మంది ఉద్యోగులతో మళ్ళీ ప్రయోగం చేసి, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి, మూడు రోజులు ఆఫీసు నుంచి పనిచేసినవారిలో రాజీనామాలు మూడోవంతు తగ్గాయని, పనితీరు అంచనాల్లో గానీ, పదోన్నతుల్లో గానీ తేడా రాలేదని తేల్చింది. ఆ ఫలితాలు 2024లో నేచర్ పత్రికలో వచ్చాయి. అక్కడ కలిసింది సొంత బృందంతో, ఇక్కడ కలిసేది పరాయి సంస్థలవారితో అన్న భేదం ఉంది కాబట్టి ఆ ఫలితాలను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోలేం. ఒకే సంస్థలో పనిచేసే నలుగురైదుగురు ఈ ఊళ్ళోనే ఉంటే, ఒకేరోజు పక్కపక్కన బల్లలు తీసుకోవడం వల్ల ఆ భేదం చాలావరకు తగ్గుతుంది. అలా వచ్చే బృందాలకు రుసుము తగ్గించమని నిర్వాహకులను అడిగితే పది రోజుల పాసుపై కొంత తగ్గిస్తున్నారు; అది బోర్డు మీద రాయలేదు, అడిగినవారికే చెబుతున్నారు.

ఇంట్లో విడి గది లేనివారు, అలవాటైన పని ఎక్కువగా ఉన్నవారు, పగటి వేళల్లో పనిచేసే మహిళలు ఈ కార్యాలయాన్ని నిస్సంకోచంగా వాడుకోవచ్చు. ఉద్యోగంలో తొలి ఏడాదిలో ఉన్నవారు మాత్రం ఇక్కడ చందా కట్టేముందు, నెలకు కొన్ని రోజులైనా తమ బృందం మధ్య కూర్చునే అవకాశం ఇవ్వమని సంస్థను అడగాలి. రాత్రి పది తర్వాత కూడా తెరిచి ఉంచడం గురించి ఆలోచిస్తున్నామని నిర్వాహకులు నాతో అన్నారు. అది అమలయ్యేదాకా అమెరికా వేళల్లో పనిచేసేవారు నెల చందా జోలికి పోకుండా, అవసరమైన రోజుకే 350 చొప్పున కట్టుకోవడం మంచిది.